ఒక్క నిమిషం పెద్దరికం

ఆ సందు చివరి దుకాణం మీద "ఇచ్చట అన్ని రకాల పళ్ళు కోయబడును" అని బోర్డు ఉంది. పక్కన ఇత్తడి చక్రం బొమ్మ కూడా ఉండేది గానీ, ఏళ్ళ ఎండకు బొమ్మ వెలిసిపోయి మాటలు మాత్రం మిగిలాయి. అందుకని నెలకొకరైనా సంచీ పట్టుకొచ్చి "ఏం పళ్ళున్నాయమ్మా?" అని అడుగుతారు. ఒకసారి ఒకాయన వాచిన బుగ్గకు రుమాలు కట్టుకొని వచ్చి, ఎవరినీ ఏమీ అడక్కుండా బల్ల మీద కూర్చొని నోరు తెరిచాడు.

ఆ దుకాణం నడిపే ఆవిడ గడియారాలకూ యంత్రాలకూ పళ్ళ చక్రాలు కోస్తుంది. వీధివాళ్ళు పెట్టిన పేరు పళ్ళమ్మ. వయసు నలభై ఆరు. ఆవిడ వేళ్ళ సందుల్లో ఎప్పుడూ ఇత్తడి పొడి మెరుస్తూ ఉంటుంది, ఎంత కడిగినా పోదు. పని నేర్పింది పెదనాన్న. ఆయనకు ఎనభై ఆరేళ్ళు, చూపు పోయి తొమ్మిదేళ్ళయింది. అయినా రోజూ కిటికీ పక్క కుర్చీలో కూర్చొని యంత్రం చప్పుడు వింటూ ఉంటాడు. "కట్టరు మొద్దుబారింది చిట్టీ" అంటాడు ఉన్నట్టుండి. చూస్తే నిజమే. లెక్కలు కూడా ఆయన నోటివే. కాగితం మీద రెండు వరసలు పట్టే గుణకారాన్ని ఆయన కళ్ళు మూసుకొని, పెదవులు కదుపుతూ చేసేసేవాడు.

ఒక వాన మధ్యాహ్నం ఒక ముసలాయన గొడుగు ముడుస్తూ గుమ్మంలోకి వచ్చాడు. రైల్వేలో, సిగ్నల్ కేబిన్‌లో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. లోపలికి వస్తూనే గోడమీది గడియారాలన్నిటినీ ఓ చూపు చూసి, "ఆ మూడోది నిమిషం వెనకుందమ్మా" అన్నాడు.

"అది జబ్బు చేసి వచ్చిందేలెండి. మీకేం కావాలి బాబాయిగారూ?" అంది పళ్ళమ్మ.

"ఒక ముల్లు కావాలి. ఒక్కటే ముల్లున్న గడియారం. మనిషి పుట్టినప్పుడు బయల్దేరి, పోయేసరికి సరిగ్గా ఒక్క చుట్టు పూర్తిచెయ్యాలి."

"ఏ మనిషి?"

"మా అక్క."

చొక్కా జేబులోంచి రెండు కాగితాలు తీశాడు. ఒకటి మడతల దగ్గర చిరిగిపోతున్న పాత చీటీ. మంత్రసాని లోపల్నుంచి కేకేసి చెబుతుంటే వాళ్ళ తాతయ్య గడియారం చూసి రాసుకున్నది. రెండోది ఆసుపత్రి వాళ్ళు మొన్న ఇచ్చింది. మొదటిదాంట్లో ఉదయం ఆరూ నలభై అని ఉంది. రెండోదాంట్లో ఉదయం ఆరూ నలభై ఒకటి. రెండింటి మధ్యా డెబ్బై అయిదేళ్ళ పది నెలల చిల్లర.

"పందొమ్మిది లీపు రోజులు కూడా కలిపి మూడుసార్లు వేశాను లెక్క. మొత్తం ఇన్ని నిమిషాలు" అంటూ చీటీ వెనక పెన్సిల్‌తో రాసింది చూపించాడు.

3,99,16,801.

"ఎక్కడ పెట్టుకుంటారు?"

"తన గదిలో. ఆ గదిలో గడియారమే లేదమ్మా. నువ్వుండగా గడియారం దేనికిరా అనేది."

వారం తర్వాత రమ్మని పంపించింది పళ్ళమ్మ.

గడియారంలో ఏ చక్రమూ ఒంటరిగా పెద్ద పని చెయ్యదు. పది పళ్ళ చిన్న చక్రం అరవై పళ్ళ పెద్ద చక్రాన్ని తిప్పితే వేగం ఆరో వంతుకు పడిపోతుంది. దాని ఇరుసుకే ఇంకో చిన్న చక్రం తొడిగి, అది మరో పెద్ద చక్రాన్ని తిప్పితే వేగం ఇంకా తగ్గుతుంది. అలా ఒకదాని వెనక ఒకటి. నిమిషానికొక చుట్టు తిరిగే సెకన్ల ఇరుసు దగ్గర మొదలెట్టి, చివరి ముల్లు దాదాపు డెబ్బై ఆరేళ్ళకు ఒక్క చుట్టు తిరగాలంటే ఆ పెద్ద సంఖ్య చిన్న చిన్న సంఖ్యలుగా విడిపోవాలి. విడిపోకపోతే దారి ఒక్కటే. అన్ని పళ్ళూ ఒకే చక్రానికి కొయ్యాలి.

ఆ సాయంత్రమే ఇద్దరూ కూర్చున్నారు.

"రెండు" అన్నాడు పెదనాన్న.

"శేషం ఒకటి."

"మూడు."

"ఒకటి."

నాలుగుకి ఒకటి. అయిదుకి ఒకటి. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది... అన్నిటికీ ఒకటే మిగిలింది. పదకొండు దగ్గర కూడా ఒకటి మిగిలేసరికి పెదనాన్న పకపకా నవ్వాడు.

"ఏ గది తలుపు తీసినా ఒకడే కూర్చొని ఉన్నాడే! చిట్టీ, ఒకటి నుంచి పదకొండు దాకా వరసపెట్టి గుణించు."

గుణించింది. ఒకటీ, రెండూ, ఆరూ, ఇరవైనాలుగూ అంటూ పెరిగి పెరిగి, పదకొండుతో గుణించేసరికి 3,99,16,800 వచ్చి ఆగింది. పళ్ళమ్మ పెన్సిల్ కింద పెట్టేసింది. ముప్పై ఏళ్ళ పనిలో ఇంత సాధువైన సంఖ్యను ఆవిడ చూడలేదు. ఎటు పట్టుకుంటే అటు విడిపోతుంది. దాని పక్కనే, దాన్ని ఆనుకొని, ఆ ముసలాయన సంఖ్య.

"పదమూడు చూడు" అన్నాడు పెదనాన్న.

"రెండు మిగిలింది."

"పోనీలే, ఇక్కడ ఒకడికి తోడు దొరికింది."

వారం తర్వాత సిగ్నలాయన అన్న వేళకే వచ్చాడు. పళ్ళమ్మ ఉత్సాహంగా చెప్పింది. "ఒక్క నిమిషం తగ్గించుకోండి బాబాయిగారూ. ఇక చూడండి, పని నల్లేరు మీద బండి నడకే."

"ఏ నిమిషం?" అన్నాడాయన.

"ఏదైనా సరే. మూడు కోట్ల తొంభై తొమ్మిది లక్షల్లో ఒక్కటి. నిద్రపోయిందో, బస్సు కోసం నిలబడిందో."

ఆయన పాత చీటీ ఆవిడ చేతికిచ్చాడు. "కింద ఇంకో వరస ఉంది. చదువు."

మడతలో పడి నలిగిన అక్షరాలు. మగశిశువు, ఆరూ నలభై ఒకటి.

"అది నేను" అన్నాడు. "మేం కవలలం. నాకంటే ఒక్క నిమిషం పెద్దది. ఆ ఒక్క నిమిషం పెద్దరికంతో డెబ్బై అయిదేళ్ళు నా మీద పెత్తనం చేసింది. ఆఖరి ముద్ద ఎవరిదంటే, పెద్దదాన్ని, నాది అనేది. నా పెళ్ళిసంబంధం నాకంటే ముందు తనే చూసొచ్చి ఖాయం చేసేసింది. మా ఆవిడ పోయాక తన సామాను తెచ్చుకొని మా ఇంటికొచ్చేసింది. ఇదేమిటే అంటే, పెద్దదాన్ని నేనుండగా నువ్వొక్కడివీ ఏడుస్తూ కూర్చుంటావా అంది."

ఆయన ముక్కు చీది మళ్ళీ మొదలుపెట్టాడు.

"నేనేమైనా ఎదురుచెప్పానా, 'నువ్వు లేని లోకం చూశానురా నేను, నీకేం తెలుసు' అనేది. ఏం చూశావే అంటే రోజుకో మాట చెప్పేది. ఒకరోజు కిటికీ మీద పిట్ట వాలిందంది. ఒకరోజు పక్కింట్లో ఎవరో ఈల వేశారంది. మొన్న జ్వరంలో ఉన్నప్పుడు, ఎంత వెలుతురుగా ఉందనుకున్నావురా అంది. అబద్ధాలే. అయినా అడిగేవాణ్ణి. మిగతా నిమిషాలన్నీ మా ఇద్దరివీనమ్మా. అదొక్కటే ఆవిడది. దాన్ని ఎలా తీసెయ్యను?"

కిటికీ దగ్గర్నుంచి పెదనాన్న అన్నాడు, "తియ్యొద్దు. మేం చూస్తాం."

ఆయన వెళ్ళాక పళ్ళమ్మ గొడవపడింది. "ఏం చూస్తాం పెదనాన్నా? నాలుగు వందల పళ్ళకు మించి మన యంత్రం కొయ్యదు. ఆ లోపు సంఖ్యలతో విడిపోకపోతే పని మన చేతుల్లో లేనట్టే. ఆ మాట ఆయనకి చెప్పేస్తే సరిపోయేది."

"నా వల్ల కాదనడం వేరు, అసలు లేదనడం వేరు. ఆ మనిషికి రెండో జవాబు కావాలి. అది చెప్పాలంటే చివరిదాకా వెతకాలి."

వెతకడానికి ఒక హద్దుంది. ఏ సంఖ్యనైనా రెండుగా విడదీస్తే వాటిలో చిన్నది ఆ సంఖ్య వర్గమూలాన్ని దాటదు. ఈ సంఖ్య వర్గమూలం ఆరు వేల మూడు వందల పద్దెనిమిదికి కాస్త లోపు. అంతవరకూ ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూస్తే చాలు. పెదనాన్న వాటిని మొండి సంఖ్యలంటాడు. ఆయనకు పని నేర్పిన మేస్త్రీ రాసిపెట్టిన నోటుపుస్తకంలో అవి వరసగా ఉన్నాయి. పళ్ళమ్మ లెక్కపెట్టింది. ఎనిమిది వందల ఇరవై రెండు.

రోజుకు ముప్పై చొప్పున, మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలెట్టేవాళ్ళు. ఆవిడ పుస్తకం చూసి సంఖ్య చదివేది. పెదనాన్న తల వెనక్కి వాల్చి పెదవులు కదిపేవాడు. కాసేపటికి భాగఫలం, శేషం చెప్పేవాడు. ఆవిడ రాసుకునేది. కిటికీలోంచి ఎండ వచ్చి బల్లమీది ఇత్తడి పొడి మీద పడి, అక్కణ్ణుంచి పైకప్పు మీదికి ఎగిరి నీళ్ళలా కదిలేది. నూట ఒకటి. నూట మూడు. నూట ఏడు. ఎవరికీ లొంగలేదు. రాను రాను ఆ సంఖ్యలు ఆవిడకు ఒక పొడుగాటి నడవలో తలుపుల్లా అనిపించాయి. ఒక్కో తలుపు కొట్టడం, లోపలివాళ్ళు మర్యాదగా ఇక్కడ కాదమ్మా అనడం, మళ్ళీ నడవడం. తలుపుల మధ్య దూరం పెరుగుతూ పోయింది. నడవలో ఎక్కడో నీళ్ళ చప్పుడు వినిపించేది. అది గోడమీది గడియారాల చప్పుడని తెలిసినా నీళ్ళనే అనిపించేది.

కొన్నాళ్ళకు సిగ్నలాయన కూడా రావడం మొదలెట్టాడు. తలుపు పక్క ముక్కాలిపీట మీద కూర్చొని వినేవాడు. "వెయ్యీ తొమ్మిది", "ముప్పై తొమ్మిది వేల అయిదు వందల అరవై, శేషం ఏడు వందల అరవై ఒకటి" అని వాళ్ళు చెప్పుకుంటుంటే దూరాన వెళ్ళే బళ్ళ పేర్లు విన్నట్టు తల ఊపేవాడు. ఊపుతూ ఊపుతూ నిద్రపోయేవాడు.

ఒకరోజు పళ్ళమ్మ కూడా బల్లమీద తలపెట్టి కునుకు తీసింది. నాలుగు కోట్ల పళ్ళున్న ఆ ఒంటి చక్రం కల్లోకి వచ్చింది. పన్నుకు మూడు మిల్లీమీటర్లు వేసుకున్నా చుట్టుకొలత నూట ఇరవై కిలోమీటర్లని ఆవిడ పొద్దున్నే సరదాకి లెక్కేసింది. కలలో ఆ చక్రం అంచు వాళ్ళ సందులోంచి వెళ్తోంది. ఇళ్ళ మధ్య నుంచి, బడి ఆవరణలోంచి, పొలాల మీదుగా, ఒక నది మీద వంతెనలా, పచ్చగా మెరుస్తూ సాగిపోతోంది. జనం పళ్ళ మధ్య బట్టలారేసుకుంటున్నారు. ఆవిడ చెప్పులు విడిచి అంచు మీద నడుస్తోంది. చక్రం కదులుతోందో లేదో తెలియడం లేదు. ఎదురుగా ఒక పెద్దావిడ చంకలో పటాల చుట్ట పెట్టుకొని వస్తూ, "ఇంకెంత దూరం?" అని అడిగింది. పళ్ళమ్మ జవాబు చెప్పేలోపు పెదనాన్న దగ్గు వినిపించి మెలకువ వచ్చింది.

సిగ్నలాయన లేచి కూర్చొని ఉన్నాడు. "మీ అక్కగారు ఏం పని చేసేవారు?" అని అడిగింది.

"మునిసిపాలిటీలో ఊరి పటాలు గీసేది. ఎందుకమ్మా?"

"ఊరికే" అంది. ముందెప్పుడో ఆయన చెప్పే ఉంటాడు, తనే మర్చిపోయి ఉంటుందనుకుంది.

మూడు వేల మూడు వందల నలభై మూడు దగ్గర సంగతి మారింది. ఆరోజు ఉక్కగా ఉంది. పెదనాన్న ఎప్పటికన్నా ఎక్కువసేపు తీసుకున్నాడు. చివరికి మెల్లగా చెప్పాడు.

"పదకొండు వేల తొమ్మిది వందల నలభై. శేషం... సున్నా."

సిగ్నలాయన పీట మీంచి లేచి నిలబడ్డాడు. పళ్ళమ్మ రాసుకుంది. రాసి చూస్తూ ఉండిపోయింది. నలభైతో ముగిసే సంఖ్యను దేనితో గుణించినా చివర సున్నాయే వస్తుంది. వాళ్ళ సంఖ్య చివర ఒకటి ఉంది. చిన్నపిల్లలు కూడా చెయ్యని తప్పు. పెదనాన్న జన్మలో చెయ్యని తప్పు.

ఆవిడ తలెత్తి చూసింది. ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకొని ఉన్నాడు.

"పెదనాన్నా" అంది నెమ్మదిగా. "ఇంకొక్కసారి చూద్దామా?"

పెదనాన్న కుర్చీలో ఇటు తిరిగాడు.

"వెయ్యీ మూడు వందల ఎనభై ఒకటి" అన్నాడాయన, లెక్క వెయ్యకుండానే. "శేషం అదీ. ఇందాకే వచ్చింది."

"మరెందుకలా..."

"ఏమో చిట్టీ. ఇన్ని రోజుల్నుంచి లేదు, లేదు, లేదు అని చెప్పీ చెప్పీ నోరు చేదెక్కింది. ఒక్కసారి ఉంది అనాలనిపించింది. నువ్వు పట్టుకుంటావని తెలుసులే."

సిగ్నలాయన వెళ్ళి కుండలోంచి గ్లాసుడు నీళ్ళు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. "మా కేబిన్లో కూడా అంతేనండీ" అన్నాడు. "బండి రావాల్సిన వేళకి రాకపోతే, లేని చప్పుడు వినిపించేది నాకు."

ఆ తర్వాత ఇంకెప్పుడూ తప్పు రాలేదు. నెల తిరిగింది. నోటుపుస్తకంలో చివరి సంఖ్య ఆరు వేల మూడు వందల పదిహేడు. పళ్ళమ్మ దాని కింద వేలు పెట్టి చదివింది.

"ఆరు వేల మూడు వందల పద్దెనిమిది. శేషం అయిదు వేల తొమ్మిది వందల తొంభై అయిదు" అన్నాడు పెదనాన్న.

అయిపోయింది. ఆ సంఖ్యను విడదీసేది ఏదీ ఈ లోకంలో లేదు.

"బాబాయిగారూ, ఇది మొండి సంఖ్య. ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఏ దేశం మేస్త్రీ అయినా ఇంతే" అంది పళ్ళమ్మ. ఆయన బాధపడతాడనుకుంది. ఆయన మొహం మాత్రం విప్పారింది.

"అదీ మా అక్కంటే! నేను చెప్తూనే ఉన్నానా, ఆవిడ ఎవరికీ లొంగే రకం కాదని."

ముగ్గురూ నవ్వారు. నవ్వడం అయ్యాక దుకాణం బోసిగా అనిపించింది. రేపటి నుంచి మధ్యాహ్నాలు ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు.

"మీ రైళ్ళలో ఇలాంటి పేచీ వస్తే ఏం చేసేవారండీ?" అని అడిగాడు పెదనాన్న, ఏదో ఒకటి మాట్లాడాలని. "ఒక బండి నిమిషం ముందొచ్చేస్తే?"

"ఏముందండీ, ఆపడమే. దానికోసం టైమ్ టేబుల్ మార్చరుగా. బయట సిగ్నల్ దగ్గర నిలబెడతాం. ఎదురుగా రావాల్సిన రెండో బండి వచ్చాక వదుల్తాం."

పళ్ళమ్మ చేతిలోని నోటుపుస్తకం మూయబోతూ ఆగిపోయింది.

"పెదనాన్నా" అంది. "ఆ ఒక్క నిమిషాన్ని చక్రాలు మోయక్కర్లేదు. సాధువైన సంఖ్యకే కోద్దాం. ఆ ఒక్క నిమిషం ముల్లుని నిలబెడదాం."

పెదనాన్న చెయ్యి గాల్లోకి లేచి, కనబడని మీటను పట్టుకున్నట్టు ఆగింది. "నిలబెట్టి?"

"నిమిషం కాగానే వదుల్దాం. అప్పుడు మొత్తం చుట్టుకి పట్టేది వాళ్ళక్కగారి లెక్కే. ఏదీ తియ్యలేదు, కలపలేదు."

నాలుగు నెలలు పట్టింది. పది పళ్ళ చిన్న చక్రాలు ఎనిమిది కోసింది. వాటికి జతగా పెద్దవి నూట పది, నూరు, తొంభై, ఎనభై, డెబ్బై, అరవై, మళ్ళీ నూరు, చివర నూట ఇరవై పళ్ళవి. ఒక్కో పెద్ద చక్రం అంచున ఒక గాటు పెట్టింది. ఎనిమిది గాట్లూ ఒకే వరసలో నిలబడితేనే ఒక సన్నటి మీట వాటిలో పడుతుంది. పడితే సెకన్ల ఇరుసు మీద మొదటి చక్రం పట్టు విడిపించి, ముల్లుని కదలనివ్వదు. సెకన్ల ఇరుసు మాత్రం తన పాటికి తాను తిరిగి, ఒక చుట్టు కాగానే మీటను పైకి తడుతుంది. అది మూడుసార్లు మొరాయించింది. మూడోసారి పెదనాన్న వేలితో తడిమి, మీట చివర వెంట్రుకవాసి పొడుగుందని పట్టేశాడు.

బిగించే రోజు ముగ్గురూ తెల్లవారగానే సిగ్నలాయన ఇంట్లో కలిశారు. అక్కగారి గదిలో ఏటవాలు బల్ల ఇంకా అలాగే ఉంది. దాని మీద సిరామరకలు, చెక్కిన పెన్సిళ్ళు, సగం గీసిన ఒక వీధి. గడియారాన్ని బల్లకు ఎదురుగా గోడకు తగిలించారు. గాట్లన్నీ వరసలో ఉన్నాయి, మీట పడి ఉంది. సిగ్నలాయన ఇస్త్రీ చొక్కా వేసుకొని, తన పాత రైల్వే గడియారం అరచేతిలో పెట్టుకొని నిలబడ్డాడు.

"ఆరూ నలభై" అన్నాడు.

పళ్ళమ్మ సెకన్ల ఇరుసు వదిలింది. అది టిక్కుటిక్కుమంటూ తిరగసాగింది. ముల్లు మాత్రం పైన నిట్టనిలువుగా, కదలకుండా నిలబడి ఉంది. కిటికీలోంచి గాలి వచ్చి బల్లమీది కాగితం అంచు లేచి పడింది. వీధిలో ఎవరో సైకిల్ స్టాండు వేశారు. ఎక్కడో ఒక తలుపు తెరుచుకొని, మళ్ళీ మూసుకుంది. ఎండ గోడ మీద ఒక జానెడు పాకినట్టనిపించింది, అంత పాకి ఉండదు గానీ. పెదనాన్న తల వంచి వింటున్నాడు.

టక్.

"పట్టుకుంది" అన్నాడు పెదనాన్న.

మొదటి చక్రం కదిలింది. ముల్లు కదిలినట్టు కంటికి కనబడదు. ఏడాదికి అయిదు డిగ్రీలు కూడా జరగదది. సిగ్నలాయన అరచేతిలోని గడియారం వైపే చూస్తున్నాడు. జీవితమంతా నిమిషాలతో కాపురం చేసిన మనిషి, దాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"ఇంతసేపా!" అన్నాడు. "అమ్మో, ఇంతసేపు ఒక్కతే ఉందా! ఏం చేసి ఉంటుందంటారు?"

"ఏం చేస్తుందండీ" అన్నాడు పెదనాన్న. "అప్పుడే పుట్టిన పిల్ల. గుక్కపట్టి ఏడ్చి ఉంటుంది."

సిగ్నలాయన ఆయన వంక తెల్లబోయి చూశాడు. తర్వాత నవ్వడం మొదలెట్టాడు. బల్ల పట్టుకొని, కళ్ళు తుడుచుకుంటూ, ఆగి మళ్ళీ నవ్వాడు.

"పిట్టంది, ఈలంది, వెలుతురంది" అన్నాడు. "డెబ్బై అయిదేళ్ళలో ఈ ఒక్క మాట మాత్రం చెప్పలేదు, దొంగముండ!"

టీ పెడతానంటూ వంటింట్లోకి వెళ్ళాడు. అక్కణ్ణుంచి కూడా ఆయన నవ్వు వినిపిస్తూనే ఉంది. పళ్ళమ్మ స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటే గుడ్డలో చుట్టుకుంది. పెదనాన్న గోడ దగ్గరికి తడుముకుంటూ వెళ్ళి, గడియారం పెట్టెకు చెవి ఆనించి నిలబడ్డాడు.